ముహన్నద్ కలిపిన కనెక్షన్

బస్రాలో అబూ జవాద్ టీకొట్టు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడంటే ముహన్నద్ నోటికి మూత ఉండదు. ఎదురుగా కూర్చున్న కాదిమ్ మాత్రం ఎండునిమ్మ టీ ముట్టుకోలేదు. కిడ్నీలు పోయిన తల్లి ఇంట్లో ఒళ్ళంతా నీరుపట్టి పడి ఉంది. ఈ బల్ల మీదే, ముహన్నద్ చేసిన యాప్‌లో, డయాలసిస్‌కి ఆమె పేరు రాయించాడు. ఆసుపత్రిలో అడిగితే అలాంటి పేరే రాలేదంటారు. రోజూ వాళ్ళతో పోట్లాటే.

"ఏముందయ్యా, చిన్న పని," మొదలెట్టాడు ముహన్నద్. "యాప్‌ని ఆసుపత్రి డేటాబేస్‌కి కలపాలి. కోడ్‌లో ఒక్క లైను. ఎక్కడికెళ్ళాలో అడ్రసు, లోపలికి రానివ్వడానికి పాస్‌వర్డు, అంతే. బాగ్దాదు ఇంజనీర్లు ఆ లైను రాయలేక జ్వరాలు తెచ్చుకుని పోయారు. నేను టీ చల్లారేలోపు కొట్టేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంకో టీ అడిగుంటావు," అన్నాడు అబూ జవాద్.

"డేటాబేస్ లేచి నించుంది! రోగుల పట్టికా, మంచాల పట్టికా పరిగెత్తుకొచ్చి కొత్త పెళ్ళివాళ్ళలా చేతులు పట్టుకున్నాయి. ఇక్కడ పేరు కొడితే అక్కడ మంచం మీద దుప్పటి దానంతటదే పరుచుకుంది. ఒక ముసలాయన పేరు సగం కొట్టానో లేదో, సగం జబ్బు తగ్గి కూర్చున్నాడు! షత్ అల్ అరబ్ నది ఎండిపోయినా ఆ కనెక్షన్ తెగదు."

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, నెట్ పెట్టె దీపాలు ఆరాయి. పేటకి కరెంటు అమ్మే జనరేటర్‌వాడు ఇంకా తన కరెంటు వదల్లేదు. ముహన్నద్ బ్యాటరీ మీదే రెచ్చిపోయాడు.

"చూడండి! అబూ జవాద్ పేరు కొడుతున్నా. ఇదిగో, 'చేరింది' అంది! నెట్ లేకుండా ఆసుపత్రికి పంపే మొనగాడు ఇరాక్‌లో ఇంకొకడుంటే చూపించండి!"

అందరూ నవ్వారు. కాదిమ్ నవ్వలేదు.

"నెట్ లేకపోతే ఎక్కడికి చేరింది, అన్నా?"

ముహన్నద్ కోడ్‌లో ఆ లైను తీసి చూశాడు. పరీక్షించుకోడానికి రాసుకున్న తన ల్యాప్‌టాప్ అడ్రసే ఇంకా అక్కడుంది. దాన్ని ఆసుపత్రి అడ్రసుకి మార్చడం మరిచాడు.

"మా అమ్మ పేరు వెతుకు."

వెంటనే దొరికింది. నజీహా. పట్టికలో ఆమె పేరుకి పైనా కిందా పేటలో రోగులంతా ఉన్నారు.

"ఇన్నాళ్ళూ ఆసుపత్రి వాళ్ళని తిట్టాను," అన్నాడు కాదిమ్. "మా అమ్మ నీ ఒళ్ళో కూర్చునుంది."

ల్యాప్‌టాప్ మూసి ముహన్నద్ చేతిలో పెట్టాడు.

"లే. మోసుకు నడువు. ఆమెకి ఊపిరుండగానే ఆ పేరు ఆసుపత్రికి చేర్చు."

జనరేటర్ మోగి ఫ్యాను తిరిగింది. అబూ జవాద్ ముహన్నద్ గ్లాసులో మిగిలిన టీ వీధిలో పారబోశాడు. ఆ కొట్టులో వాడికి మళ్ళీ టీ పొయ్యలేదు.