తాష్కెంట్‌లో నన్ను నేను పరిచయం చేసుకున్న వైనం

"ఒక ప్రశ్న అడుగుతాను. తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. కొత్త క్లాసులో లేచి నిలబడి 'నేను విద్యార్థిని' అని చెప్పుకోవాలంటే అన్నిటికన్నా ముందు ఏం చెయ్యాలి?"

నేనడిగింది మనవడు ఎల్మురోద్‌నీ, వాడి అక్క సర్వినోజ్‌నీ. మర్గిలాన్‌లో మా వాకిట్లో ద్రాక్షపందిరి కింద పెద్ద బల్లమంచం ఉంటుంది. సాయంత్రం టీ వేళకి అందరం దాని మీద చేరాం. పక్కింటి బహ్రీ తన ఇద్దరు కోడళ్లనీ వెంటేసుకుని ఖర్బూజా పట్టుకొచ్చింది. నా కొడుకు రుస్తం మాత్రం ముక్క ముట్టుకోకుండా మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

కారణం అందరికీ తెలిసిందే. సర్వినోజ్‌కి తాష్కెంట్‌లో టీచర్ల కాలేజీలో సీటొచ్చింది. కిందటి వారం కొత్తవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరే లేచి తమ గురించి చెప్పుకోమన్నారట. మా పిల్ల లేచింది కానీ గొంతు పెగల్లేదు. నలుగురూ నవ్వారు. అంతే, హాల్లోంచి పరిగెత్తి రైలెక్కి ఇంటికొచ్చి పడింది. రేపు పొద్దున్న రైలుకి తిరిగి వెళ్లకపోతే సీటు పోతుంది. వెళ్లనంటే వెళ్లనని మొండికేసింది.

"చెయ్యి పైకెత్తాలి," అన్నాడు ఎల్మురోద్.

"తప్పు. సర్వినోజ్, నువ్వు చెప్పు."

అది తలగుడ్డ కొస వేలికి చుట్టుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"సరే, నేనే చెబుతాను. కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకోవాలి. తర్వాత సలాం. తర్వాత పేరు, ఎవరి బిడ్డవో, ఏ ఊరి దానివో. అన్నిటికన్నా చివర్న విద్యార్థిననే మాట. ఈ వరస ఒక్క పిసరు తప్పకుండా చెప్పిన మనిషి నా కాలంలో తాష్కెంట్ మొత్తానికి ఒక్కతే ఉండేది. ఎవరో తెలుసా?"

"మొదలెట్టింది మహాతల్లి," అంది బహ్రీ గిన్నెలో అడుగున కాస్త టీ పోసి నా చేతికిస్తూ. మా వైపు గిన్నెలో కొంచెం పోస్తే ఇంకా కూర్చోమని, నిండా పోస్తే ఇక లేచి వెళ్లమని అర్థం.

ఇంకెవరు, నేనే. నడుం దాకా జడలు, చేతిలో గుడ్డమూట. కళ్లజోడు ప్రొఫెసర్ గారు "లేచి నీ గురించి చెప్పమ్మా" అన్నారు. నాకన్నా ముందు లేచినవాళ్లంతా నీళ్లు నమిలి కూర్చున్నారు. నేను లేచాను, చెయ్యి గుండెల మీద పెట్టాను, "అస్సలాము అలైకుం" అన్నాను. అరవలేదు సుమా, మామూలుగానే అన్నాను. ఆఖరి బెంచీ దాకా వినపడింది. ఇందులో గొప్పేమీ లేదు, ఎవరైనా చెయ్యగలిగిందే.

"ఇంతవరకూ నమ్ముతానమ్మా," అన్నాడు రుస్తం.

ఆగు నాయనా, అసలు సంగతి ముందుంది. సలాం అన్నాక కుశలం అడగొద్దూ? మర్గిలాన్ పిల్ల కుశలం అడక్కుండా పేరు చెప్పేస్తే మా అమ్మ పరువేం కాను? అందుకని ప్రొఫెసర్ గారిని అడిగాను, బాగున్నారా, ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో అంతా కులాసానా, పిల్లలు ఎదుగుతున్నారా, అలసిపోలేదు కదా అని. ఆయనా మర్యాదస్తుడే, అన్నీ తిరిగి నన్నడిగాడు. ఆయన్ని అడిగి పక్కనున్న పిల్లని అడక్కపోతే చిన్నబుచ్చుకోదూ? ఆ పిల్లయ్యాక దాని పక్కది. అలా బెంచీ బెంచీకీ వెళుతుంటే గంట కొట్టేశారు. ఒక్కరూ కదల్లేదు. కుశలం అడుగుతుంటే మధ్యలో లేచిపోతారా ఎవరైనా? క్లాసులోంచి ఎవరూ బయటికి రాకపోయేసరికి, గంట కొట్టే ముసలాయన ఏం మునిగిందోనని తలుపు తోసుకుని వచ్చాడు. మరి ఆయన్నీ అడగాలిగా!

"ఆయనకో మేక ఉంటే దాని గురించి కూడా అడిగావా నాన్నమ్మా?" అన్నాడు ఎల్మురోద్.

"అడక్కుండా ఎలా ఉంటాను? అప్పుడే ఈనిందట, రెండు పిల్లలు."

బహ్రీ కోడళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. సర్వినోజ్ మాత్రం నవ్వలేదు. నేను గుక్కెడు టీ తాగి అందుకున్నాను.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేరు చెప్పాను, ఖోసియత్ అని. ఎవరి బిడ్డవన్నారు. మా నాన్న పేరు చెప్పి ఊరుకుంటే సగం జవాబవుతుంది. జవాబంటే నిండుగా ఉండాలి. అందుకని తాత, ముత్తాత, ఆయన తండ్రి, అలా ఏడు తరాలూ ఎత్తుకున్నాను. పట్టుకి రంగులద్దే తాత పేరు ఇలా నోట్లోంచి వచ్చిందో లేదో, కాలేజీ పెద్దాయన తన గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు, "ఆ రంగులాయన మా అమ్మమ్మకి మేనమామ కదూ!" అంటూ. కిటికీ కింద ట్రామ్ ఆగిపోయింది. డ్రైవర్ది మా ముత్తాత ఊరే. ట్రామ్‌లో ఉన్నవాళ్లంతా దిగి ఒకళ్ల తర్వాత ఒకళ్లు కిటికీలోంచి సలాం చెబుతుంటే, వెనకాల ట్రాములు ఊరి చివరి దాకా బారులు తీరాయి. ఇంతమంది చుట్టాలు గడపలోకొస్తే వట్టి చేతులతో పంపుతామా? పెద్ద గుండిగ ఎక్కించి పలావు వండారు. క్యారెట్లు తరిగీ తరిగీ వంటవాళ్ల కత్తులు అరిగి సూదులైపోయాయి.

"అక్కా, ఇంకొక్క కోత కోశావంటే గిన్నె నిండా టీ పోసి సాగనంపేస్తాను నిన్ను," అంది బహ్రీ.

"పొయ్యవే. నిండు గిన్నె తాగి కూడా ఇక్కడే కూర్చుంటాను. ఆ రోజు పలావు వాసనకి కూడా కూర్చోలేదు నేను. అందరూ తిన్నారు, నేను నిలబడే ఉన్నాను. మొదలుపెట్టిన పరిచయం పూర్తయ్యేదాకా కూర్చోకూడదని పట్టు పట్టాను. ఒకసారి పట్టు పట్టానంటే నన్ను కూర్చోబెట్టగల మొనగాడు ఈ భూమ్మీద లేడు."

ఈలోగా పత్తి ఏరే రోజులొచ్చాయి. ఆ కాలంలో ఏటా చేసినట్టే కాలేజీలన్నీ మూసి, పత్తి ఏరడానికి పిల్లల్ని లారీల్లో పొలాలకి తోలారు. లారీలో కూడా నేను నిలబడే చెబుతున్నాను, ఆరో తాత నడుస్తున్నాడు. చేలో దిగి గొంతు కాస్త పెంచానో లేదో, పత్తికాయలన్నీ చెవులు రిక్కించినట్టు పటపటా విచ్చుకుని, పత్తి దానంతటదే ఎగిరి మా ఒడుల్లోకి దూకింది. నా మాట చేలు దాటి కొండకి తగిలింది. కొండ ఊరుకుందా? కొండ కూడా మన దేశపుదే, మర్యాద తెలుసు. "బాగున్నావా, ఖోసియత్? అలసిపోలేదు కదా?" అని తిరిగి అడిగింది. దాని వెనకాల కొండ, దాని వెనకాలది. అన్నిటికీ జవాబు చెప్పాను, మంచు కురుస్తున్నా చెప్పాను. బుఖారాలో మినారు మీద గూట్లో ఉన్న కొంగ నా సలాం విని కుడిరెక్క గుండెల మీద పెట్టుకుని వంగింది.

"కొంగ కూడా విద్యార్థేనా?" అన్నాడు ఎల్మురోద్.

"కాదురా, కొంగ ఉద్యోగంలో ఉంది."

ఈసారి రుస్తం కూడా నవ్వాడు. సర్వినోజ్ వేలికి చుట్టుకున్న తలగుడ్డ కొస వదిలేసి నాకేసి చూస్తోంది. కనుబొమలు ముడిపడ్డాయి. నాకు ముప్ఫై ఏళ్ల టీచరు ఉద్యోగంలో ఆ చూపు బాగా అలవాటే. లెక్క తప్పిందని కనిపెట్టిన పిల్ల చూపు అది. నేను ఇంకాస్త గొంతు పెంచాను.

తిరిగి క్లాసుకొచ్చేసరికి ఏడో తాత కూడా అయిపోయాడు. ఊరు పేరు చెప్పాను. మిగిలింది ఒక్క మాటే. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. "నేను..." అన్నాను. ఇంతలో ప్రొఫెసర్ గారు చెయ్యెత్తి ఆపారు. చూద్దును కదా, ఆయన జుట్టు మంచులా తెల్లబడిపోయింది! చేతిలో పట్టా కాగితం. "ఇక ఆ మాట అనకమ్మా ఖోసియత్, నాలుగేళ్లూ అయిపోయాయి, నీ చదువు పూర్తయింది, నువ్వు టీచరువి!" అన్నారు. అలా విద్యార్థిననే మాట ఒక్కసారైనా నోరారా అనకుండానే చదువు ముగించిన మనిషిని నేను. తాష్కెంట్ పోయి ఎవరినైనా అడగండి.

"అబద్ధం!"

అన్నది సర్వినోజ్. మంచం మీద మోకాళ్ల మీద లేచింది.

"నాలుగేళ్లూ నిలబడే ఉన్నావా నాన్నమ్మా? నాన్న పుట్టింది నీ మూడో ఏడు చదువులో కదా, తాష్కెంట్ ఆసుపత్రిలో! మరి నాన్నని ఎన్నో తాత పేరు దగ్గర కన్నావు?"

బహ్రీ చేతిలో ఖర్బూజా ముక్క జారిపోయింది. కోడళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతున్నారు. రుస్తం కళ్లు తుడుచుకుంటూ, "చెప్పమ్మా, నాకూ తెలియాలి!" అన్నాడు.

"ఆ సంగతి పుస్తకాల్లో రాయలేదు," అన్నాను గంభీరంగా. "కానీ ఒక్కటి నిజం. ఆ మాట చెప్పడం చాలా పెద్ద పని. మనింటా వంటా ఎవరివల్లా కాలేదు, కాదు కూడా."

"ఏమిటి పెద్ద పని?" సర్వినోజ్ మంచం మీంచి కిందికి దిగింది. చెప్పులు కూడా వేసుకోలేదు. మట్టివాకిట్లో అందరికీ ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుంది. ఈసారి గొంతు పెగిలింది. "అస్సలాము అలైకుం. నా పేరు సర్వినోజ్. మర్గిలాన్‌లో మగ్గం నేసే రుస్తం కూతుర్ని. టీచర్ల కాలేజీలో మొదటి ఏడాది... మొదటి ఏడాది విద్యార్థిని. అంతే! ఒక్క గుక్క కూడా పట్టలేదు. దీనికి నాలుగేళ్లు, ట్రాములు, కొండలు!"

ఎవరూ నవ్వలేదు. బహ్రీ పెద్దకోడలు అలవాటు కొద్దీ చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "అలైకుం అస్సలాం, బాగున్నావా అమ్మా?" అంది. గోడవతల దారిన పోతున్న వాళ్లెవరో కూడా "అలైకుం అస్సలాం" అన్నారు. అప్పుడు గానీ దానికి తెలియలేదు ఎంత గట్టిగా చెప్పిందో. చెవులు ఎర్రబడ్డాయి. అయినా మంచమెక్కి మూలకి నక్కలేదు.

"మరి అక్కడ నవ్వుతారేమో," అన్నాడు ఎల్మురోద్.

"నవ్వనీ. నవ్వడం అయ్యాక మళ్లీ మొదట్నించి చెబుతాను." నావైపు తిరిగింది. "కానీ ఎవరి మేక గురించీ అడగను నాన్నమ్మా, ముందే చెబుతున్నాను."

"మీ ప్రొఫెసర్ని మాత్రం కుశలం అడుగు, పెద్దవాడు కదా."

"ఆయనొక్కడినే."

రుస్తం లేచి, రైలు వేళ కనుక్కోవడానికి ఫోను తీసుకుని వీధిలోకి నడిచాడు. నేను మోకాళ్లు పట్టుకుని మెల్లగా మంచం దిగాను.

"ఎక్కడికక్కా, ఓడిపోయి పారిపోతున్నావా?" అంది బహ్రీ.

"కాదే. హాస్టల్ మంచాలు గట్టిగా ఉంటాయి. దీని పరుపులో దూది కూరడం అయింది కానీ, ఒక పక్క కుట్టకుండా ఉంచేశాను. వెలుతురుండగానే కుట్టెయ్యాలి. ఎల్మురోద్, రా, సూదిలో దారం ఎక్కించి పెట్టు."