గురువారం పోటు

నవంబరు, సోమవారం ఉదయం. కరియాకు దీవి ఒడ్డున, ఇసుకలో గుంజల ఆసరాతో నిలబెట్టిన చెక్క తెరచాప పడవ. పడవలు బాగుచేసే ఆల్విన్, అతని భార్య బెర్నడీన్ పాతికేళ్ళుగా అందులోనే కాపురముంటున్నారు.

"మళ్ళీ పీకుతున్నావా? ఏమయ్యా, ఆ పత్తి మళ్ళీ పీకుతున్నావా?"

"ఒక్క సందేనే."

"నిన్నా ఒక్క సందే అన్నావు. మొన్నా ఒక్క సందే. ఒక్కటొక్కటీ కలుపుకుంటూ పోతే ఈ పడవకి అన్ని సందులు లేవు ఆల్విన్."

"అరవకే. బిగువు చాల్లేదు. పలకకీ పలకకీ మధ్య పత్తి ఊరికే దూర్చి వదిలేస్తే సరిపోద్దా? బిగవాలి. లేదంటే నీళ్ళన్నీ లోపలికే."

"నాకు చెప్తున్నావా? నీ పక్కన కూర్చుని ముప్ఫై రెండేళ్ళు తెరచాపలు కుట్టినదాన్ని, నాకు చెప్తున్నావా?"

"అదే అంటున్నా. ఇప్పుడూ కూర్చోవచ్చుగా. ఆ కుట్టేదేదో ఇక్కడికే తెచ్చుకో. నీడ కూడా ఉంది."

"కూర్చోను."

"ఇటు ఎండ రాదే మధ్యాహ్నం దాకా."

"కూర్చోనన్నాను. కూర్చుంటే నువ్వు పీకేదంతా కళ్ళారా చూడాలి. చూస్తే ఆ ఉలి లాక్కుని సముద్రంలోకి విసరాలనిపిస్తుంది. ఎందుకొచ్చిన గొడవ? చెట్టు కింద కుట్టుకుంటున్నా, హాయిగా ఉంది."

"మూడు వారాలైంది నువ్వు నా పక్కన కూర్చోక."

"రోజులు బాగానే గుర్తుంటాయి నీకు. గురువారం మాత్రం గుర్తుండదు. ఈ గురువారం పౌర్ణమి పోటు, పడవ దించాల్సింది అప్పుడే. అది తప్పితే ఇంత నీళ్ళు ఈ ఒడ్డుకి మళ్ళీ డిసెంబరుకే. గుంజలు నరికేవాళ్ళు గొడ్డళ్ళు నూరుకున్నారు. తాడు లాగడానికి ఊరు ఊరంతా వస్తోంది. మా మేనత్త ఆ రోజు విందుకి గొర్రెపోతుని కూడా కట్టేసి ఉంచింది, పొద్దుట్నించీ అరుస్తూనే ఉందది. వింటున్నావా?"

"వింటున్నా, వింటున్నా."

"ఏమన్నాను?"

"గురువారం అన్నావు."

"గురువారమని రోజూ అంటున్నా. తర్వాత ఏమన్నాను?"

"ఈ గాలి హోరులో సరిగ్గా వినపడలా."

"గాలా? ఆకు కదలట్లేదు, నా చెమట ఆరట్లేదు, గాలెక్కడుందయ్యా?"

"ఇందాక ఉంది."

"ఆల్విన్, నా వల్ల కావట్లేదు. ఏటా నవంబర్లో పడవెత్తేవాళ్ళం, రెండు నవంబర్లు పోయాయి. తుఫానుకి దెబ్బతింది కదా, రెండు నెలల్లో బాగుచేసేస్తానన్నావు. సరే అన్నా. చుక్కాని అరిగిందన్నావు, మార్చావు. తెరచాప కొయ్య మొదట్లో పుచ్చన్నావు. గోరంత మెత్తబడితే, దానికి మూరెడు చెక్క కోసి కొత్తది అతికావు. మేకులు తుప్పన్నావు, అవీ మార్చావు. ఇప్పుడు పత్తి. నా పక్క కింద చీమలు పుట్ట పెట్టాయి. పడవకి చీమలేంటయ్యా, ఎవరైనా వింటే నవ్విపోతారు! అడుగు దూలం పక్కన కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. నీళ్ళ బకెట్టు పట్టుకుని నిచ్చెనెక్కుతున్నా ఈ మోకాళ్ళతో. పక్క ఊగకపోతే నాకు నిద్రే పట్టదు, ఆ సంగతి నీకు తెలుసు."

"నాకు పడుతోందా ఏంటి?"

"పట్టకపోతే దించెయ్ నీళ్ళలోకి!"

"దించుతా. ఈ సందొక్కటీ అవనీ."

"సరే, నువ్వు సందులు కొట్టుకో. నేను సిప్రియన్ పడవెక్కుతున్నా."

"ఎవరు?"

"సిప్రియన్. మా పెద్దమ్మ కొడుకు. శనివారం బెక్వే దీవికి వెళ్తున్నాడు, అక్కణ్ణించి మార్టినిక్. వంటకి మనిషి కావాలన్నాడు. వస్తానన్నాను."

"నువ్వా? వేరేవాళ్ళ పడవలో వంటా?"

"అవును, నేనే. మే నెల దాకా. గురువారం మన పడవ నీళ్ళలోకి దిగితే సరే సరి. దిగకపోతే శనివారం నా సంచి నేను తీసుకుపోతా."

"బెర్నీ..."

"బెర్నీ లేదు గిర్నీ లేదు."

"ఆల్విన్ అన్నా! ఓ ఆల్విన్ అన్నా! గురువారానికి రమ్ము ఒక పీపా చాలా, రెండు తేనా?"

"నీకు తమాషాగా ఉందా బెర్నీ? ముప్ఫై రెండేళ్ళలో ఒక్క చలికాలమైనా విడిగా ఉన్నామా?"

"అన్నా! నిన్నే!"

"పలకవేంటి? పిలుస్తున్నాడు."

"ఎవరు?"

"కాస్నెల్! నీ వీపు వెనకే నిలబడి గొంతు చించుకుంటున్నాడు."

"ఆఁ, కాస్నెల్! అలాగే, అలాగే."

"అలాగే ఏంటన్నా? ఒకటా, రెండా?"

"రెండు తేరా కాస్నెల్. మీ అన్న ధ్యానంలో ఉన్నాడు, నువ్వెళ్ళు."

"సరే వదినా. రమ్ము పోస్తే ధ్యానం దిగుద్దిలే!"

"మంచి కుర్రాడు."

"ఆల్విన్, ఉలి కింద పెట్టి ఇటు తిరుగు. నీకు వినపడట్లేదు."

"అబ్బే, గాలి..."

"గాలి పేరెత్తితే చంపుతా. ఎన్నాళ్ళ నుంచి?"

"కుడి చెవి కొంచెం మందం."

"ఎడమది?"

"ఎడమది అసలే లేదు."

"దేవుడా. మరి నేను చెప్పేవన్నీ?"

"నీ పెదాలు చూస్తాగా. తిట్లయితే చూడక్కర్లేదు, అన్నీ కంఠతా వచ్చు."

"నవ్వించకు. నాకు నవ్వు రావట్లేదు. ఎన్నాళ్ళయింది?"

"తుఫాను ముందు నుంచే మొదలు. మాటలు పోతే పోయాయి బెర్నీ, మాటలకేముంది. సుత్తి మోత పోయిందే. పత్తి బిగిస్తే సుత్తి ఠంగుమంటుంది. వదులుగా ఉంటే బొద్దుమంటుంది. అది చేతికి తెలీదు, కంటికి తెలీదు. చెవొక్కటే. నాకు ఉలి ఇవ్వకముందు మా నాన్న ఏడాది పాటు పక్కన కూర్చోబెట్టుకుని ఊరికే వినమన్నాడు. ఇప్పుడు నాకు ఠంగూ ఒకటే, బొద్దూ ఒకటే."

"మరి ఈ రెండేళ్ళూ ఎలా కొట్టావు?"

"నిన్ను చూసి."

"నన్ను చూసా?"

"నువ్వు కుట్టుకుంటూ కూర్చుంటావుగా. బొద్దుమంటే నీ సూది ఆగుతుంది. నీకు తెలీకుండానే ఆగుతుంది. మోగితే మళ్ళీ నడుస్తుంది. ఆ సూది చూసుకుంటూ ఎడమ పక్కంతా కొట్టా. దానికి ఢోకా లేదు, నెత్తిన చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తా. కుడి పక్క మొదలెట్టానో లేదో, నువ్వు అలిగి చెట్టు కిందకి పోయావు."

"అందుకా కూర్చో కూర్చోమని ప్రాణం తీస్తున్నావు?"

"అందుకే."

"ఒక్క మాట చెప్పలేవా? ఒకే పక్క మీద పడుకుంటాం, ఒకే గిన్నెలో కందిపప్పు తింటాం, ఒక్క మాట నాతో చెప్పలేకపోయావా?"

"చెప్తే? చెవిటివాడు కొట్టిన పడవ ఎవరెక్కుతారే? మనం బాగుచేసిచ్చిన ఎల్మో పడవ గుర్తుందా?"

"యూనియన్ దీవి దగ్గర కారింది. పలక పాతదన్నారుగా."

"అన్నది నేనే. పలక శుభ్రంగా ఉంది. ఆ సందు కొట్టింది నేను. బకెట్లతో తోడుకుంటూ ఒడ్డుకొచ్చారు వాళ్ళు. వాడి కూతురు కూడా ఉందందులో. చెక్కది తప్పని చెప్పి ఊరుకున్నా. వాడు నమ్మాడు. పైగా నాకు చేపలు పంపాడు."

"ఆ చేపలు నేనే వండాను."

"నువ్వే వండావు. నాకు ముద్ద దిగలేదు, కడుపు బాలేదన్నా."

"ఛీ."

"తిట్టు."

"తిట్టను. తిట్టడం కాదు, చెంప పగలగొట్టాలని ఉంది. నేనేమో ఈయనకి సముద్రం మీద మోజు పోయింది, నా మీదా పోయింది, అందుకే కదలట్లేదనుకున్నా. రెండేళ్ళు అదే అనుకుని ఏడ్చాను, తెలుసా?"

"తెలీదు. ఏడిస్తే వినపడాలిగా."

"నోర్ముయ్."

"సరేలే, పోనీ. గురువారం వెళ్దాం."

"ఏంటీ?"

"ఇప్పుడు నీకొచ్చిందా చెవుడు? వెళ్దామంటున్నా. నువ్వు సిప్రియన్ పడవెక్కిపోతే ఈ పడవ నాకెందుకే? కారితే కొంచెం కారుతుంది. నీళ్ళు తాగితే చెక్క ఉబ్బుతుంది, సందులు మూసుకుంటాయి."

"లోపల పత్తి వదులుగా ఉంటే చెక్క ఉబ్బి ఏం లాభం? నడిసముద్రంలో ఊగేటప్పుడు పత్తి పేగులా బయటికొస్తుందని నువ్వే చెప్పేవాడివి."

"పంపు ఉందిగా."

"పంపు కొట్టుకుంటూ బెక్వే దాకా పోదామా? ఉలి తీసుకో. సుత్తి తీసుకో. పడవ ముక్కు దగ్గర్నించి మొదలెట్టు. నేను వింటా."

"నిజంగానా?"

"కొట్టవయ్యా బాబూ, మళ్ళీ నా మనసు మారేలోపు."

"ఇది?"

"మోగింది. పద."

"ఇది?"

"మోగింది."

"నన్ను బుజ్జగించడానికి చెప్పట్లేదుగా?"

"నిన్ను బుజ్జగించే ఓపిక నాకు లేదు. తర్వాతది."

"ఇది?"

"మోగింది. ఎంత బాగా మోగిందో తెలుసా? దీన్ని ఎన్నిసార్లు పీకావు?"

"మూడు."

"మూడుసార్లూ బానే ఉండుంటుంది, పిచ్చి మొహమా."

"ఈ పైది?"

"మోగింది. ఆల్విన్, ఇదంతా బానే ఉందయ్యా!"

"ఇంకొక్కటి ఉంది. అన్నిటికంటే కిందది, అడుగు దూలాన్ని ఆనుకుని. ముందు నుంచి వెనక దాకా."

"దాన్నెప్పుడు కొట్టావు?"

"నువ్వు చెట్టు కిందకి పోయిన రోజు. కోపంగా కొట్టా. ఆ తర్వాత దాన్ని ముట్టుకోడానికి ధైర్యం చాల్లేదు."

"అది బాలేకపోతే?"

"మొత్తం పీకి మళ్ళీ కొట్టాలి. వారం పైనే."

"గురువారం పోయినట్టేనా?"

"పోయినట్టే. డిసెంబరు పోటుకి దింపినా, అప్పటికి ఉత్తరపు గాలి పట్టుకుంటుంది. ఎదురు గాలిలో ఈ వయసులో మనమిద్దరం పోలేం. ఈ ఏడూ ఇక్కడే."

"సిప్రియన్ శనివారం ఆగడు."

"ఆగడు."

"కొట్టు."

"మోగిందా?"

"ఇంకోసారి కొట్టు."

"మోగిందా?"

"కొంచెం వెనక్కి జరుగు. అక్కడ కొట్టు."

"బెర్నీ?"

"ఇంకా వెనక్కి."

"మోగిందా లేదా చెప్పవే!"

"మోగింది."

"అంతా?"

"మోగిందన్నానుగా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? మోగింది, మోగింది, మోగింది."

"హమ్మయ్య! తల్లీ, బతికించావు. అయితే లప్పం కలిపేస్తా. సాయంత్రానికి సందులన్నిటికీ లప్పం, రేపు అడుగు రంగు, బుధవారం ఆరుతుంది. ఏయ్ కాస్నెల్! మూడు పీపాలు తేరా! సిప్రియన్‌కి కబురు చెయ్, వంటమనిషి రాదని చెప్పు, వాడే ఉడకేసుకుంటాడు."

"ఆల్విన్..."

"ముందు యూనియన్‌లో ఆగుదాం. ఎల్మో ఇంటికెళ్ళి నిజం చెప్పేస్తా. కొడితే కొట్టనీ. తర్వాత మార్టినిక్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, ఏమీ అనను, వస్తా. గురువారం లంగరేసుకుని ఊగుతూ పడుకుందామే. రెండేళ్ళయింది నిన్నలా చూసి."

"ఆల్విన్, లప్పం ముట్టుకోకు."

"ఏంటి? అటు తిరిగి చెప్తే నాకెలా తెలుస్తుంది? ఇటు చూసి చెప్పు."

"మోగలేదయ్యా. ఒక్క దెబ్బ కూడా మోగలేదు. గురువారం వద్దు."