చేతుల్లేని చొక్కా

తెనాలిలో గౌస్ మొహిద్దీన్ దర్జీ కొట్టు. మధ్యాహ్నం మూడు దాటింది. రేపల్లెలో పాతికేళ్లు కాంపౌండరుగా చేసి రిటైరైన బాబూరావు, ప్యాంటు పొట్టి చేయించుకుంటానని వచ్చి గంటయింది. ప్యాంటు మాత్రం ఇంకా సంచీలోనే ఉంది.

"పొద్దున్నించీ ఎన్నిసార్లు వెళ్లావు?"

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి గౌసూ. నేనొచ్చాకే మూడుసార్లు దొడ్లోకి వెళ్లొచ్చావు. ఒక్కసారన్నా నీళ్ల చప్పుడు వినపడలా."

"కూర్చున్నవాడివి కూర్చోక, చప్పుళ్లు వింటన్నావా అన్నా? ఆ ప్యాంటు ఇటియ్యి. ఎంత తగ్గించాలి?"

"ప్యాంటు ఎక్కడికీ పోదు. ఒంటేలు వచ్చి ఎంతసేపయింది?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

"తెల్లారగట్ట. నాలుగు చుక్కలు."

"అంటే పది గంటలు."

"నీళ్లు తాగితేగా రావడానికి. తాగడం మానేశా."

"మరి ఈ చెమటలేంటి? ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని, ఒక చేత్తో కత్తెర ఆడిస్తన్నావు. లే. ఆటో పిలుస్తా, ఆసుపత్రికి పోదాం."

"పనుంది."

"ఏం పని? ఇదా? ఈ తెల్ల గుడ్డ ఎవరిది?"

"పార్టీది."

"మెడ కత్తిరించావు, చేతుల్లేవేంటి?"

"పార్టీ అట్టా అడిగింది."

"అంచులు కూడా కుట్టలా."

"కుట్టొద్దన్నారు."

"దర్జీ కాడికొచ్చి కుట్టొద్దన్నారా?"

"లోకంలో రకరకాల మనుషులుంటారన్నా. దాన్ని ముట్టుకోవాకు, మాసిద్ది."

"సరే. మసీదుక్కూడా మానేశావంట. కొత్త మైకు కాడ మాటామాటా వచ్చిందని బజారంతా చెప్పుకుంటన్నారు."

"చెప్పుకోనీ. గొడవంటే పరువుగానే ఉంది."

"అసలు సంగతేంటి?"

"వెళ్లొచ్చి లేవగానే లుంగీలో చుక్కలు పడతాయి. వజూ చేసుకుని, కాళ్లూ చేతులూ కడుక్కుని వరసలో నిలబడేలోపు మళ్లీ పడతాయి. అట్టా మైలతో అల్లా ముందు ఎట్టా నిలబడేది? నువ్వడిగావు గాబట్టి చెప్పా. ఇంక అడక్కు."

"మీ ఇమాం గారినడిగావా? జబ్బు మనిషికి ఏదో ఒక వెసులుబాటు ఉండకపోదు."

"అడిగితే ఆయనకి తెలిసిద్ది."

"తెలిస్తే?"

"ఇంట్లో తెలిసిద్ది."

"తెలిస్తే ఏంటంట? అరవై దాటినవాళ్లలో సగం మందికి ఉండేదే..."

"ఇది అది కాదన్నా."

"మరేంటి?"

"గ్రేడ్ టూ."

"ఎవరన్నారు?"

"కాగితం మీదుంది. ఇక్కడైతే తెలిసినవాళ్లు చూస్తారని బాపట్ల పోయి స్కానింగు తీయించుకున్నా. కాగితం చేతిలో పెట్టారు. చదివి రైలెక్కా."

"డాక్టరుకి చూపించకుండానే?"

"ఇంకేం చూపించేది? పొన్నూరు చెంచురామయ్యకి ఇట్టాగే రెండో స్టేజీ అన్నారు. ఏడు నెలలు ఆసుపత్రుల చుట్టూ తిప్పారు. మనిషి పోయాడు, ఇంట్లోవాళ్లు సగమయ్యారు. మావాళ్లని అట్టా తిప్పను."

"కాగితమేది?"

"కొలతల పుస్తకంలో."

"ఇటియ్యి. ప్రోస్టటోమెగలీ... గ్రేడ్ టూ. నీ అసాధ్యం కూలా, గౌసూ, ఇది స్టేజీ కాదు. సైజు."

"సైజా?"

"సైజే. నలభై రెండో నంబరు చొక్కా అంటావే, అట్టాంటిది. ప్రోస్టేటంటే మూత్రసంచి కింద చిన్న నిమ్మకాయంత గ్రంథి. వీర్యంలో నీళ్లు చేర్చడం దాని పని. నీ నలుగురు పిల్లలూ దాని చలవే. వయసు పైబడ్డాక అది పెరిగిద్ది. మూత్రం గొట్టం దాని నడిమధ్యలోంచే పోయిద్ది. పైజమాకి బొందు దూరే గొట్టం కుడతావుగా, చుట్టూ గుడ్డ మందమైతే బొందు కదిలిద్దా?"

"కదలదు."

"నీకు జరిగింది అదే. ఇందులో కాన్సరని ఎక్కడా రాయలా. డాక్టరు చూస్తాడు, రక్తం పరీక్ష చేయిస్తాడు, అది వేరే సంగతి. కానీ పది గంటలు ఆగిపోవడం మంచిది కాదు, కిడ్నీల మీదకొచ్చిద్ది. నిన్నట్నించి ఏమన్నా మింగావా?"

"జలుబు చేస్తే బిళ్లలు. నిన్నోటి, పొద్దునోటి."

"అయిపోయింది. ఉన్న సందు కూడా వాటితో మూశావు. ఇంక లే, ఆటో పిలుస్తన్నా."

"గొట్టం వేస్తారా?"

"వేస్తారు. రెండు నిమిషాలు సిగ్గు, ఆ తర్వాత ప్రాణం లేచొచ్చిద్ది. నేను పక్కనే ఉంటా."

"నాలుగు నెలలన్నా. పక్కన పడుకునే మనిషికి కూడా చెప్పకుండా... నాలుగు నెలలు రోజులు లెక్కపెట్టుకున్నా."

"తెలుసు. ఆటో వచ్చింది. నా భుజం పట్టుకో."

"ఆగు, ఆగు. ఆ గుడ్డ. దాన్ని మడిచి ఎక్కడన్నా పెట్టు. మా ఇంటిది మీరాబీ కేరేజీ గిన్నెల కోసం వచ్చిద్ది. దాన్ని చూసిందంటే..."

"పార్టీదన్నావుగా."

"ఆ పార్టీ నేనే. అది కఫన్ అన్నా. కుట్టని గుడ్డ చుట్టుకునే మట్టిలోకి పోతాం మేం. నలభై ఏళ్లు ఊరందరికీ కుట్టా. నాది మాత్రం ఇంకొకడు కత్తిరించడమేంటని... దాన్ని దాచన్నా. చూస్తే ఆవిడ తట్టుకోలేదు."

"తట్టుకుందిలే. మొన్న నువ్వు దొడ్లో అరగంట ఉన్నావే, అప్పుడే విప్పి చూసింది. జానలతో కొలిచి నీదేనని గుర్తుపట్టింది. ప్యాంటు వంకతో నన్ను పంపింది మా చెల్లెమ్మే. దానికి చేతులు కుట్టేదాకా నిన్ను ఇంటికి రానివ్వొద్దంది."