గాడిదగుడ్డుకీ ఆకుపచ్చే

కంపాలాలో వెబ్‌సైట్లు చూసుకునే ఓ చిన్న ఆఫీసు. యజమాని ముటేబి, మరమ్మతుకి వచ్చిన నబుకేరా.

"డాక్టరమ్మా, ఫోన్ పెట్టెయ్యకండి. ఇలా బల్ల మీద ఉంచుతున్నా. మీ క్లినిక్ సైటు తెరుచుకోగానే చెప్పండి. ఆ, ఇప్పుడు చెప్పండి ముటేబి గారూ."

"చెప్పడానికేముంది? తెర మీద చూడు. క్లినిక్ సైటు, ఆకుపచ్చ. అన్నీ ఆకుపచ్చే. సైట్లు బతికున్నాయో లేదో చూసేదే ఈ స్క్రిప్టు. అది అబద్ధం చెబుతుందా? తొందరగా తేల్చు, తినాల్సిన అరటికాయ మటోకే చల్లారిపోతోంది."

"పిల్లల టీకాల తేదీలు దొరక్క తల్లులు ఆదివారం నుంచీ తిప్పలు పడుతున్నారట."

"వాళ్ళవి డొక్కు ఫోన్లు. మా దగ్గర పనిచేసే లుటాయాదీ ఇదే పాట. సైటు పడిపోయింది సార్, పడిపోయింది సార్ అని. పోటీ కంపెనీవాళ్ళ దగ్గర డబ్బు తిన్నాడు వెధవ. పొద్దున్నే పొమ్మన్నా."

"ఉద్యోగంలోంచే?"

"మరి? యంత్రం ఒకటి చెబుతుంటే వాడొకటి చెబుతాడా?"

"సరే, స్క్రిప్టులో ఇంకో పేరు వేస్తున్నా."

"ఏం పేరది? గాడిదగుడ్డు డాట్ కామా?"

"అలాంటి సైటు లోకంలో లేదు. చూడండి, నొక్కుతున్నా."

"...ఆకుపచ్చ."

"గాడిదగుడ్డు కూడా బతికే ఉందట."

"ఇదేం ఖర్మ..."

"మీ మోడెమ్‌లో డేటా అయిపోయింది. ఏ సైటుని పిలిచినా 'డేటా కొనుక్కోండి' అనే పేజీయే పలుకుతోంది. తలుపు కొడితే పక్కింటాయన పలికాడు, ఇంట్లోవాళ్ళు క్షేమమని రాసుకుంది మీ స్క్రిప్టు. నా ఫోన్లో చూశా, సైటు నిజంగానే పడిపోయింది. లుటాయా చెప్పింది నిజం. అంత డేటా ఎవరు తాగేశారు?"

"ఏమో. ఆఫీసన్నాక..."

"ఆదివారం మోడెమ్ ఆఫీసులోనే ఉందా?"

"ఆదివారం... మా ఇంట్లో. మ్యాచి ఉంది. చుట్టాలొచ్చారు. వాళ్ళ పిల్లలు సినిమాలు... అదంతా ఇప్పుడెందుకు?"

"ఛీ. దీనికా అతని పొట్ట కొట్టారు?"

"నీతులు చెప్పకు. నేను డేటా వేయిస్తా, నువ్వు సైటు లేపు. క్లినిక్‌వాళ్ళకి మాత్రం, లుటాయాయే చెడగొట్టిపోయాడని చెబుదాం. ఎలాగూ పోయినవాడేగా."

"ఆ అబద్ధం నేను చెప్పనండీ."

"నేనే చెబుతాలే. ఆ డాక్టరమ్మకేం తెలుస్తుంది, సూదులు పొడుచుకునే మనిషికి?"

"అమ్మా నబుకేరా, నేనింకా లైన్లోనే ఉన్నా. ఆ లుటాయా నంబరు పంపు. ఇకమీదట మా సైటు అతనే చూస్తాడు."