వాకిట్ల కావలి, ఇంట్ల దగ్గు

"అవ్వా, అందరు నా బిడ్డను ఎత్తుకున్నరు. నువ్వొక్కదానివే గా కుర్చీల కెల్లి లేస్తలేవు. అలిగినవా?"

అలిగేదుంటే మీ ఇంటికి చాయ తాగనీకి వస్తనా? కూసో, చెప్త. పాపను నీ ఒళ్లెనే ఉంచుకో, నా దిక్కు తేకు.

మా మనుమరాలు చిన్ని ఉన్నది గదా, ఇప్పుడు మెట్ల మీద ఎగురుతది, గదే. గది పుట్టినప్పుడు మా అమీర్‌పేట ఇంట్ల దర్బారంత నాదే. బాలెంతను చూడ ఎవలొచ్చినా వాకిట్లనే ఆపుతుంటి. కాళ్లు కడుగు, తుమ్మున్నదా, దగ్గున్నదా. పోలీసోళ్లు సుత గన్ని సవాళ్లు అడగరు.

మా వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, శ్రీనగర్ కాలనీ కెల్లి ఆటోల వచ్చింది, పిల్లకు నీళ్లు పోస్త అని. పెండ్లిల ఆమె నాకు పెట్టిన చీర కథ నీకెరుకే... లే, నీకు చెప్పలే, మల్ల చెప్త. గాయమె వాకిట్ల తుమ్మింది. ఒక్కటే తుమ్ము. ఇగ దొరికింది నాకు. పసిదాన్ని చంపనీకి వచ్చినవా వదినా అని నలుగురు ఇనంగ అన్న. కండ్లల్ల నీళ్లు తీసుకొని గదే ఆటోల మర్లిపోయింది. ఆ దినం నేను అన్నం సుత రెండు ముద్దలెక్కువనే తిన్న.

నాకా? నాకు మూడు వారాల సంది ఉండె. అది దగ్గెట్లయితది? అది మెట్రో కింది దుమ్ము. దగ్గి దగ్గి కక్కొచ్చేది, అయినా దుమ్మే. కోడలు ఒకపాలి, అత్తమ్మా డాక్టర్‌కు చూపెట్టుకోరాదా అన్నది. నలుగురిని పెంచిన, నాకే చెప్తవా అన్న.

నీళ్లు నేనే పోసేది. కాళ్లు సాపి, పిల్లను ఏసుకొని, ఆముదం రుద్ది, పోసినంక ముక్కులల్ల చెవులల్ల ఉఫ్ ఉఫ్ అని ఊదుడు, నీళ్లు నిల్వకుండ. మా అమ్మ ఊదింది, నేను ఊదిన. ఒక్క దినం నాగా పెట్టలే.

నెల దాటంగనే పిల్ల పాలు తాగుడు బందు జేసింది. దగ్గు సుత పెద్దగ లేదు. ఒక పొద్దున నా కాళ్ల మీదనే ఊపిరాపింది. పెదవులు నేరేడు పండు లెక్కయినయ్. వీపు తట్టంగ తట్టంగ కుయ్యిమన్నది. ఉరుకుడే పంజగుట్టకు, దవాఖానకు. అద్దాల అర్రల పెట్టిన్రు.

డాక్టరమ్మ మమ్ముల నిలవెట్టి చెప్పింది, కోరింత దగ్గట. పెద్దోళ్లకు ఉత్త దగ్గు లెక్కనే ఉంటదట, పసిదానికి ఊపిరే ఆగుతదట. దాని టీకా సూదేమో నెలన్నరకు గాని ఏయరు. మల్ల అడిగింది, "ఇంట్ల చాన దినాల సంది దగ్గేటోళ్లు ఎవరు?"

కొడుకు గోడ దిక్కు చూస్తుండు. కోడలు నేల చూస్తున్నది. వియ్యపురాలు సుత ఉండె గాడ, తుమ్మినామె. ఆమె జాగల నేనుంటే ఖైరతాబాద్ దాంక ఇనవడేటట్టు ఒర్రుతుంటి. ఆమె నా చెయ్యి పట్టుకున్నది, అంతే. గది మాత్రం ఇప్పటికీ మాఫ్ చెయ్యలే నేను.

"నేనే," అన్న.

ఇంటిల్లిపాదికి గోలీలిచ్చిన్రు. పదకొండు దినాలకు పిల్ల ఇంటికొచ్చింది. ఇగ నీళ్లు వియ్యపురాలే పోసింది. ఊదలే, మెత్తటి బట్టతోని తుడిసింది. నేను వాకిట్ల కూసున్న, కావలి.

ఇప్పుడు నాకు దగ్గు లేదు బిడ్డా. గప్పుడు సుత లేకుండె గదా.

నీ బిడ్డ నూరేండ్లు సల్లగుండాలె. నా అసొంటి ముసల్దయ్యి అందరిని సతాయించాలె. గీడికెల్లే దీవిస్తున్న... జర గా కిటికీ తెరువు, గాలాడనీ.