కోతులు నాలుగో పేజీల అస్తయి

రుద్రంగిలో డిగ్రీ చదివే సృజన ఫోన్లో మాట్లాడుతోంది. అవతల, మస్కట్ పోయిన తండ్రి గంగయ్య.

"ఒక మాట చెప్దామని చేసిన బిడ్డా."

"చెప్పు బాపు, జల్ది చెప్పు. రేపు పొద్దుగాల వ్యాసం ఇయ్యాలె. ఇప్పటికే రెండుసార్లు వాపస్ ఇచ్చిండు హరీశ్ సారు. గీసారి గూడ గట్లనే ఉంటె మార్కులు వెయ్యనన్నడు. ఇగ ఫెయిలే."

"ఫెయిలా! అయితె ముందుగాల నీది సూద్దాం. నాదేమున్నది, నిమ్మళంగ చెప్త."

"ఇయ్యాల మంగళారం గదా. డ్యూటీ లేదా?"

"ఉన్నది... ఇయ్యాలటికి లేదు. దేని మీద వ్యాసం?"

"కోతుల మీద. కోతులకు తాళలేక మనూళ్ళె మక్క బందువెట్టి వరి ఏస్తున్నరని."

"నిజమే గదా! మంచిగున్నది గదా! మరి వాపస్ ఎందుకిచ్చిండు?"

"ఎర్ర పెన్నుతోని 'కోతులేవి?' అని రాసిండు."

"నువ్వు రాయలేదా కోతుల్ని?"

"రాసిన. నాలుగో పేజీల అస్తయి."

"ముందటి మూడు పేజీలల్ల ఏమున్నది?"

"మొదటి దాంట్ల మన మండలం, వానలు, ఎర్రనేల. రెండో దాంట్ల వ్యవసాయం గొప్పతనం. మూడో దాంట్ల అడివి."

"అడివి అచ్చిందంటె కోతులు దగ్గరికి అచ్చినట్టే గదా."

"నేను గూడ సారుకు గదే చెప్పిన. ఇంటలేడు. కోతులు మొదటి పేరాలనే రావాలంటడు. ఏం చెప్పదల్సుకున్నవో ముందు చెప్పు, ఎందుకో తర్వాత చెప్పు, ఒక్కో కారణానికి ఒక్కో పేరా, ఆఖరికి అన్ని జమచేసి మళ్లొకసారి చెప్పు. గిదంట పద్ధతి."

"గట్ల ఎకాయెకి చెప్తె ఇనేటోళ్ళ గుండె గుబేలుమనదా?"

"కోతులకు గుండె గుబేలుమనుడేంది బాపు?"

"కోతులకని గాదు. ఏదన్న గని. జర మంచి చెడ్డ అడిగి, కూసోవెట్టి, చాయ్ తాపి..."

"సారు ఇంటికాడ తాగే అస్తడు."

"గట్లనా. సరే."

"హారన్ల చప్పుడు గింతగనం అస్తందేంది?"

"రోడ్డు పక్కన ఉన్న."

"రోజు నీ మాట తెగి తెగి అస్తది. ఇయ్యాల పక్కన కూసున్నట్టే ఇనవడ్తంది."

"నెట్ మంచిగున్నదేమొ. అమ్మ ఉన్నదా?"

"కార్ఖానకు బీడీలు ఇయ్యవోయింది."

"మంచిది. మంచిదే."

"అచ్చినంక చెయ్యమనాల్నా?"

"అద్దద్దు. అద్దు. నువ్వు కోతుల ముచ్చట చెప్పు."

"బాపు, గిది నా తప్పు గాదు. మనింటి తప్పు."

"మనిల్లేం జేసింది?"

"పోయిన నెల బర్రె సచ్చింది గదా. అమ్మ నీకు ఎట్ల చెప్పింది?"

"చిక్కుడుకాయ మస్తు కాసిందన్నది. పక్కింటి సంగీత పిలగానికి పాలపండ్లచ్చినయన్నది. ఇగ పెట్టెయ్యనా అన్నది. పెట్టెయ్ అన్న. గప్పుడు, బర్రె సచ్చిపోయింది అన్నది."

"మరి నువ్వు? నీ చెయ్యి ఇరిగినప్పుడు?"

"చెప్పిన గదా!"

"కట్టు ఇప్పినంక చెప్పినవ్."

"దూరమున్నోళ్ళను పరేశాన్ చేసుడెందుకని..."

"గదే మరి. అసలు ముచ్చట ఆఖరికి. పుట్టినకాంచి గదే ఇంటున్న, గట్లనే రాస్తున్న. సారుకేం తెలుసు."

"ఇప్పుడేం జేస్తవ్ మరి?"

"నాలుగో పేజీ తెచ్చి ముందల పెడ్త. మండలం, వానలు కొట్టేస్త."

"వ్యవసాయం గొప్పతనం గూడనా?"

"గది గూడ."

"పాపం."

"నాకు భయమైతంది బాపు. మొదటి మాటల్నే అనేస్తె ఇగ ఏం మిగుల్తది అని."

"అవు బిడ్డా. గదే భయం."

"గని ఒకసారి అనేస్తె తర్వాత అల్కగ ఉన్నది. కారణాలు ఒక్కటెనుక ఒక్కటి అవే అస్తున్నయి. ఇను, మొదటి వాక్యం. 'కోతుల బెడద వల్ల రుద్రంగి రైతులు మొక్కజొన్న పంట మానేశారు.'"

"గంతేనా? గిట్ల చెప్పచ్చా?"

"గిట్లనే చెప్పాలె. ఇగ నీ మాట చెప్పు. ఏదో చెప్తనంటివి."

"ఏం లేదు బిడ్డా. అంత మంచిగనే. ఎండలు జర తక్కువైనయి. మొన్న మనూరి రాజేశ్ కలిసిండు, అందర్ని అడిగినట్టు చెప్పుమన్నడు. ఇగ పెట్టెయ్యనా?"

"బాపు."

"ఆ."

"నువ్వు మూడో పేజీల ఉన్నవ్."

"మూడో పేజీలనా?"

"నాలుగో పేజీల ఏమున్నది?"

"పెట్టేసి మళ్ల చేస్త బిడ్డా. మొదటికెల్లి చెప్త."

"చెయ్. నేను ఎత్తుత."

గంగయ్య ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి మళ్లీ మోగింది.

"చెప్పు బాపు."

"నౌకరి పోయింది బిడ్డా, వాపస్ అచ్చిన. పొద్దటిసంది కోరుట్ల బస్టాండ్ల కూసున్న, మీ అమ్మకు మొఖం సూపెట్టలేక ఇంటికి అస్తలేను. ఇగ కారణాలు ఒక్కొక్కటి అడుగు."