నాలుగో నంబరు టేపు

సంతకం పెట్టనండి. మీరు ఎన్నిసార్లు అడిగినా అదే మాట మేడమ్, పెట్టను గాక పెట్టను. ఫారం ఇదిగో, మీ టేబుల్ మీదే ఉంచుతున్నాను. హెడ్‌మిస్ట్రెస్ మీరు, ఇష్టమైతే మీరే పెట్టుకోండి. గైడ్ టీచర్ అన్న గడిలో భుజంగరావు అనే పేరు మాత్రం ఉండదు.

ఏం చేసిందా? ఏం చెయ్యలేదో అడగండి, తొందరగా తేలిపోతుంది.

బి.ఎడ్. కాలేజీ నుంచి నలభై రోజుల ప్రాక్టీసు టీచింగ్‌కని ఆ మనోజ్ఞని పంపించారు. మీరు తీసుకొచ్చి నా నెత్తిన కూర్చోబెట్టారు, ఏడో క్లాసు తెలుగు చెబుతుందని. ఇంజనీరు గారమ్మాయి, చదువుకున్న ఇల్లు, సరే అనుకున్నాను. మొదటి రోజు లెసన్ ప్లాన్ తెచ్చింది. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, మార్జిన్‌లో పువ్వులు. పాఠం ఎక్కడుందమ్మా అన్నాను. "పాఠం పిల్లలే తయారుచేసుకుంటారు సార్, నేను దారి చూపిస్తానంతే" అంది. దారి చూపించడానికి చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు ఉన్నాడు కదండీ, వాడికి బి.ఎడ్. అక్కర్లేదు.

నవ్వకండి మేడమ్. మీరిలా నవ్వబట్టే వ్యవహారం ఇంతదాకా వచ్చింది.

ఆ కంప్యూటరు సంగతి చూడండి. ఎవరో ఆఫీసరు దానం ఇచ్చాడు. మూడేళ్ళుగా గుడ్డ కప్పుకుని మర్యాదగా కూర్చుంది. ఎవరి జోలికీ పోలేదు. ఇన్‌స్పెక్షన్ రోజున గుడ్డ తీసేవాళ్ళం, మర్నాడు కప్పేసేవాళ్ళం. ఈవిడొచ్చి దాని నిద్ర చెడగొట్టింది. ముప్పై నాలుగు మంది పిల్లలు, ఒక్క కంప్యూటరు. ఒకడి చేతిలో మౌస్, మిగతా ముప్పై ముగ్గురూ వాడికి సలహాలు, అవీ మన టాటా ఊరి హిందీలో. పైగా కరెంటు పోతుంది. పోతే ఈవిడేమంటుంది? "ఈలోపు ఆలోచించండి పిల్లలూ" అంటుంది. ఏం ఆలోచిస్తారు, సమోసాల గురించి ఆలోచిస్తారు.

అదీ టెక్నాలజీ. ఇక ప్రాజెక్టు.

మన ఊళ్ళో ప్రాజెక్టంటే సిమెంటు, క్రేన్లు, నెత్తిన హెల్మెట్లు. ఈవిడ ప్రాజెక్టు వేరు. పిల్లలు పక్కిళ్ళకెళ్ళి, ముసలివాళ్ళ ముందు టేప్ రికార్డర్ పెట్టి, "మీరు ఈ ఊరెలా వచ్చారు" అని అడగాలట. వాళ్ళు వాగినదంతా పట్టుకొచ్చి కంప్యూటర్లోకి ఎక్కించాలట. అందులోంచి మాటలు ఏరి చార్టు కట్టాలట. పేరు "మా ఇంటి తెలుగు". ఇంట్లో తెలుగు నేర్చుకోవడానికి బడెందుకండీ? ఈ బిల్డింగెందుకు, నేనెందుకు?

ఇరవయ్యారేళ్ళు మేడమ్. డెబ్భై ఏడులో చేరాను, ఇది రెండు వేల మూడు. ఇన్నేళ్ళు ఈ బడిలో నేను చేసిన పనేమిటి? భుయ్యాడీహ్, బర్మామైన్స్ బస్తీల నుంచి వచ్చిన పిల్లల నోట్లోంచి 'ఏటి' తీసి 'ఏమిటి' పెట్టాను. 'వత్తన్నా' తీసి 'వస్తున్నాను' పెట్టాను. స్కేలు పట్టుకునే పెట్టాను, కాదనను. నాలుగు చోట్ల పరువుగా మాట్లాడి బతకాలని పెట్టాను. మా గోదావరి వైపు ఇలాంటి మాట వినపడితే పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటారు.

ఈవిడ పది రోజుల్లో నా బోర్డు మీద 'వత్తన్నా', 'బేగి', 'ఒచ్చీసినాము' అని గుండ్రంగా రాసింది. రాసి కింద గీత కూడా కొట్టింది, ముఖ్యమైన మాటలని. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ముందు బెంచీలో ఒక గుంటడు లేచి... ఒక పిల్లాడు లేచి, "సర్, నానీ జో బోల్తీ హై, వో భీ తెలుగు హై క్యా?" అని నన్నే అడిగాడు. మా అమ్మమ్మ మాట్లాడేది కూడా తెలుగేనా అని. ఏం చెప్పమంటారు? కూర్చో అన్నాను.

మీకు వేళాకోళంగా ఉంది. ఎగ్జామినర్ గారు కాలేజీ నుంచి గురువారం వస్తున్నారు, మెచ్చుకుంటారు, బడికి పేరొస్తుంది, అంతే కదా మీ లెక్క? రానివ్వండి. పిల్లలు చార్టులు పట్టుకుని నిలబడతారు, కంప్యూటర్ కూస్తుంది, ముందు వరసలో కుర్చీలేసి ఆ ముసలివాళ్ళందర్నీ కూర్చోబెడతారు. ఆ కుర్చీలెవరివి? మా స్టాఫ్ రూమువి. వాళ్ళు కూర్చుంటే గోడకానుకుని నిలబడాల్సింది మేం. ఛోడియే, పోనీండి, నిలబడతాం.

పిల్లలకు చదవాలని ఉత్సాహం వచ్చిందా? ఉత్సాహానికేం, చింతపిక్కలిచ్చినా వస్తుంది వాళ్ళకి.

సరే, ఆ టేపులు మీరు విన్నారా? అన్నీ కాదు, నాకు తెలుసు, అన్నీ ఎవరు వింటారు. నాలుగో నంబరు విన్నారా? లేదూ? మరి వినకుండానే బాగుందని ఎలా అన్నారు?

నేను విన్నాను. నలభై నిమిషాలు. రోహిణి అని భుయ్యాడీహ్ పిల్ల ఉంది కదా, రెండు జడలు, ఎప్పుడూ ముక్కు చీదుతుంటుంది. అది తెచ్చింది. వాళ్ళ వీధిలో నూకమ్మ అని ఒక ముసలావిడ, డెబ్భై దాటింది, చిన్న కొడుకు దగ్గరుంటుంది. ఆవిడ చేత మాట్లాడించింది. ఆ మాట వింటే మీకే తెలుస్తుంది ఈ ప్రాజెక్టు ఎంత దండగో. నోరు తెరిస్తే తప్పు.

"సీపురుపల్లి కాడ రైలెక్కినాము. నా మొగుడు, నాను, సంకలో గుంటడు. టాటాలో దిగీసినాము. ఎటు సూసినా పొగ. ఇదేటి ఊరు, ఎవులింట్లో వంట సేత్తన్నారు ఇంత పొగొత్తంది అని అడిగినాను. ఆడు నవ్వినాడు." వింటున్నారా? అలా నడుస్తుంది. మొగుడు పోయాక సుబర్ణరేఖ నది ఒడ్డున ఇసక ఎత్తే పనికెళ్ళిందట. "తడి ఇసక మోసినావేటి ఎప్పుడైనా? పొడి ఇసక ఒకెత్తు, తడి ఇసక రెండెత్తులు. నీల్లు కారి కల్లలోకి ఎల్లిపోద్ది. ఏడుత్తన్నావో లేదో ఎవులికీ తెల్దు."

ఏమిటి? అచ్చం అలాగే అంటున్నానా? అందులో గొప్పేముందండీ, ఒకసారి వింటే ఎవరికైనా పట్టుబడుతుంది. ఒకసారి కాదు లెండి. మూడుసార్లు విన్నాను. తప్పులు లెక్కెయ్యడానికి.

తర్వాత రోహిణి అడుగుతుంది, నీ పిల్లలేం చేస్తారు అమ్మమ్మా అని. చిన్నోడు వెల్డింగ్ అంది. పెద్దోడు అప్పన్న, సదువుకున్నాడు, మేస్టరైపోనాడు అంది. ఏ బడిలో అని అడిగింది ఆ పిల్ల. "అది సెప్పకూడదు" అని నవ్వింది. ముసలాళ్ళకు అన్నీ దాపరికాలే. ఇంకా విను... వినండి. "ఆడు నెలకోపాలి వత్తాడు. ఆడొత్తే నాను మాటాడను." ఎందుకు అమ్మమ్మా అంది పిల్ల. "నా మాట తప్పు కదేటే గుంటా. ఆడు కూకుంతాడు. నాను టీ ఎడతాను. తాగీసి ఎలిపోతాడు."

ఇదండీ నాలుగో నంబరు. దీన్నే అన్నిటికన్నా ముందు వినిపించాలని క్లాసంతా చేతులెత్తారు. ఓటింగట. రేపు వ్యాకరణం కూడా ఓటింగ్ పెడతారు.

సంతకానికీ దీనికీ ఏమిటి సంబంధమా? చెబుతున్నానుగా.

ముసలివాళ్ళందరూ గురువారం వస్తామన్నారు. ఈవిడొక్కతే రానంది. మనోజ్ఞ స్వయంగా వెళ్ళి పిలిచింది. మొదట సరేనందట, ఏ చీర కట్టుకోవాలో కూడా అడిగిందట. బడి పేరు చెప్పేసరికి లేచి లోపలికెళ్ళి తలుపేసుకుందట. ఆ పిల్ల ఊరుకుంటుందా? పొద్దున్నే స్టాఫ్ రూములోకొచ్చి, అందరి ముందూ, "సార్, మీరు పెద్దవారు, చక్కగా మాట్లాడతారు, నాతో భుయ్యాడీహ్ వచ్చి ఆవిణ్ణి ఒప్పించండి" అంది. నవ్వుతూ అడిగింది మేడమ్. నా చెయ్యి పట్టుకుని అడిగింది. ట్రైనింగ్ పిల్ల, నాకు పని పురమాయిస్తుందా?

ఏటండలా సూత్తన్నారు?

ఏమిటి అలా చూస్తున్నారు అన్నాను. అవును, అలాగే అన్నాను, విన్నారుగా. మళ్ళీ అనమంటారా?

తలుపు దగ్గరికెయ్యండి. వద్దులెండి, నేనే వేస్తాను.

మీ రిజిస్టర్లో నా పేరు భుజంగరావే. మెట్రిక్ ఫారం నింపేటప్పుడు నేనే రాసుకున్నాను, పుస్తకంలో ఎక్కడో చూసి, బరువుగా ఉందని. ఇంట్లో పెట్టింది అప్పన్న. గోదావరి నేను ఒక్కసారే చూశాను, రైలు కిటికీలోంచి. సంకలో ఉన్న గుంటణ్ణి నేనే మేడమ్. ఆవిడ మోసిన ఇసకతోనే చదివాను.

లేదు, నన్ను చెప్పనివ్వండి. మంచినీళ్ళొద్దు.

ఉద్యోగంలో చేరి మూడో నెల. క్యారేజీ ఇంట్లో మర్చిపోయి వచ్చాను. ఆవిడ పని మధ్యలో వదిలేసి, ఆ తడిబట్టలతోనే భుయ్యాడీహ్ నుంచి నడిచొచ్చింది. క్లాసు జరుగుతోంది, ఇదే ఏడో క్లాసు. గుమ్మంలో నిలబడి, "అప్పన్నా, కూడు తెచ్చినాను, బయటికి వత్తావేటి?" అంది. అప్పటికి మూడు నెలలుగా ఆ మాట మీదే పిల్లల్ని కొడుతున్నాను నేను. వెనక బెంచీలో ఎవడో "వత్తావేటి" అని ఆవిడ గొంతుతోనే అన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

బయటికెళ్ళి క్యారేజీ అందుకుంటే అయిపోయేది. అమ్మ అని చెప్పినా అయిపోయేది. నేనేం చేశానో తెలుసా? చాక్‌పీసు చేత్తో పట్టుకుని, పిల్లలతో అన్నట్టే అన్నాను. "వత్తావేటి కాదు. వస్తావా. ఏదీ, అను" అన్నాను.

ఆవిడకేం తెలుసు, బడిలో అంతే కాబోలనుకుంది. క్యారేజీ కింద పెట్టింది. చేతులు కట్టుకుంది. పిల్లలు కట్టుకున్నట్టే కట్టుకుంది మేడమ్. "వస్తావా" అంది. "గట్టిగా" అన్నాను. మళ్ళీ అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నానూ కొట్టినాను.

ఎవరు సార్ ఆవిడ అని ఎవడూ అడగలేదు. అడిగినా ఏటి సెప్పుదునో నాకు తెల్దు.

అంతే. ఆ రోజు నుంచీ నా ముందు నోరిప్పలేదు. కోపంతో కాదు. కోపమైతే ఏనాడో తీరిపోయేది. కొడుకు మేస్టరు, తప్పు మాటాడి ఆడి పరువు తియ్యకూడదని. నెలకోపాలి ఎల్తాను, టీ ఇత్తది, తాగీసి వత్తాను. మా తమ్ముడు చినబాబు కబుర్లు సెప్తాడు, ఆవిడ గోడకానుకుని ఆ మాటలు ఇంతది. ఇరవయ్యారేళ్ళ మీద ఆవిడ గొంతు నలభై నిమిసాలు నాను ఇన్నది ఆ కంప్యూటర్లోనే. ఆవిడకి జోకులేత్తం వచ్చని నాకు తెల్దు. నవ్వుద్దని తెల్దు.

ఆ మనోజ్ఞకి మార్కులు నిండా ఏసీయండి. ఏబైకి ఏబై. నాను ఇరవయ్యారేళ్ళలో నేర్పనిది నలబై రోజుల్లో నేర్పింది, పిల్లల సంగతి నాకు తెల్దు గానీ. సంతకం ఎక్కడ? ఇక్కడేనా? ఇదిగో పెట్టీసినాను. ఇక నన్ను భుయ్యాడీహ్ పంపకండి.

మీరు కూడా ఎల్లమంటారా? కొడుకు పిలిత్తే రాదా అంటారా?

ఎల్తాను, ఎల్లి ఏటని పిలవను? గుమ్మంలో నిలబడి "అమ్మా, మా బడికి వత్తావేటి" అన్నాననుకోండి. లేచి నిలబడుద్ది. చేతులు కట్టుకుంతది. ఎవులైనా ఇంటన్నారేమోనని ఈదిలోకి ఓపాలి సూసి, మెల్లిగా, నా పరువు పోకుండా, నన్ను దిద్దుద్ది మేడమ్. "వస్తావా" అనాలి నాయనా అంతది.